పదమూడో నెల

కొల్లేటికోట,
26-11-2023.

చిరంజీవి శిరీషను మీ పెదనాన్న, దొడ్డమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేం ముగ్గురం కాళ్ళ మీద తిరుగుతూనే ఉన్నాం. నువ్వు ఆ ఢిల్లీ చలిలో చెవులకి గుడ్డ కట్టుకుని, వేళకింత తిని ఆఫీసుకి వెళ్తున్నావని తలుస్తాను. వానలు సరిగ్గా లేక కొల్లేరు ఈ ఏడు బాగా పల్చబడింది. ఆటపాక వైపు గూడబాతులు మాత్రం ఏటా వచ్చే రోజుకే దిగాయి. వాటికి పంచాంగం ఎవరు చెప్తారో!

ఉత్తరం పైన ఒట్టి తారీఖే ఉందని, తిథి వెయ్యలేదని నువ్వీపాటికి గమనించే ఉంటావు. చిన్నప్పుడు నన్ను 'పంచాంగం పెదనాన్న' అని ఏడిపించినదానివి, నీ కంట పడకుండా ఉండదు. మరిచిపోయి కాదమ్మా. దాని కారణం చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ ముందు నువ్వడిగిన మిగతావాటికి జవాబు రాస్తాను. అసలు ప్రశ్న, మీ నాన్న చావు మీద ఢిల్లీ మానవ హక్కుల కమిషన్‌కి పంపిన ఫిర్యాదు ఏమైందన్నది, ఆఖర్న రాస్తాను. అది ముందే రాస్తే తక్కినది రాయడానికి చెయ్యి సాగదు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ గొంతు వింటే అబద్ధమాడేస్తానని నాకే నా మీద అనుమానం.

మీ అమ్మ సంగతి మొదట అడిగావు. కైకలూరులో చేపల ప్యాకింగ్ షెడ్డుకే వెళ్తోంది. పొద్దున్నే ఆటోలో పోయి మధ్యాహ్నం దాటాక వస్తుంది. రోజంతా ఐసులో పనిచేసి వేళ్ళు కొయ్యబారిపోతాయి, వచ్చీరాగానే వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. మానెయ్యమంటే, "ఇంట్లో ఉంటే మనసు ఊరుకోదు అక్కయ్యా" అందిట మీ దొడ్డమ్మతో. నాతో ఎప్పటిలాగే తలుపు చాటునుంచే మాట్లాడుతుంది. ఇన్నేళ్ళొచ్చాయి, ఇంత జరిగింది, ఇంకా బావగారి ఎదట పడటానికి మొహమాటమే. సంతకం మాత్రం ఇప్పుడు తడుముకోకుండా పెడుతోంది. ఊరి సచివాలయంలో పనిచేసే దుర్గాభవాని గారు నేర్పినప్పుడు 'వెంకటలక్ష్మి'లో ఆఖరి అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయేది. నువ్వు పంపిన కాగితాల మీద జూన్ నెలలో పెట్టిందే ఆవిడ జీవితంలో మొదటి సంతకం. ఇక చచ్చినా వేలిముద్ర వెయ్యనంది.

రెండోది, మీ నాన్నకి జరిగింది రోజులూ వేళలతో నా చేత్తో మళ్ళీ రాసి పంపమన్నావు. రాస్తున్నాను, ఈ భాగం విడిగా తీసి పెట్టుకో.

2022 ఆగస్టు 21, ఆదివారం. మీ నాన్న బంగార్రాజు కాపలా ఉండే చేపల చెరువు మీద రెండు మోటార్లు పోయాయి. చెరువు యజమాని ఫిర్యాదు ఇచ్చాడు. పదకొండు గంటల వేళ జీపొచ్చి మీ నాన్ననీ, వాడితోపాటు కాపలా ఉండే వీర్రాజునీ ఎక్కించుకుపోయింది. ఏ స్టేషనో ఫిర్యాదులో ఉంది, ఇక్కడ రాయను. ఆ సాయంత్రం వెళ్ళాను, మర్నాడు పొద్దున్నా వెళ్ళాను. "ఆ పేరుగలవాళ్ళెవరూ ఇక్కడ లేరండి పెద్దాయనా, ఎల్లిరండి" అన్నారు. లోపల్నుంచి మీ నాన్న దగ్గు వినపడుతూనే ఉంది. వాడి దగ్గు నాకు తెలీదా? మా అమ్మ పోయినప్పుడు వాడికి మూడేళ్ళు. నా పక్కలో పడుకుని పెరిగినవాడు. "దగ్గు వినపడతందండీ" అని ఒక్క మాట అనలేకపోయాను. "అలాగేనండి" అని చెప్పులేసుకుని వచ్చేశాను.

23, మంగళవారం మధ్యాహ్నం వీర్రాజు కళ్ళెదటే ఆ గదిలో దెబ్బలకి తాళలేక మీ నాన్న ప్రాణం పోయింది. వాళ్ళ కాగితంలో మాత్రం సోమవారమే ఇద్దర్నీ ప్రశ్నించి పంపేశామని, 24 బుధవారం తెల్లారి మీ నాన్న కాలవలో పడి మునిగిపోయాడని రాసుకున్నారు. కొల్లేట్లో పుట్టి, నడక కన్నా ముందు ఈత నేర్చినవాడు మొలలోతు కాలవలో మునిగాడుట! నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు. 'నాకు ఎవరి మీదా అనుమానం లేదు' అని రాసిన కాగితం మీద మీ అమ్మ చేత వేలిముద్ర వేయించారు. పక్కన నిలబడి "వేసెయ్యమ్మా" అన్నది నేనే. ఇది నీకు ముందే చెప్పాను. నువ్వు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది.

వీర్రాజు ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. జూలైలో సాక్ష్యం కాగితం మీద సంతకం పెట్టాడు కానీ, పెట్టిన దగ్గర్నుంచీ నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడి వీపు నేను చూశాను.

మూడోది, నువ్వు రాసిన ప్రపంచం సంగతి. ఆ నాలుగు పేజీలూ మీ దొడ్డమ్మకీ మీ అమ్మకీ గట్టిగా చదివి వినిపించాను. యూరప్ వాళ్ళకి స్ట్రాస్‌బర్గ్ అనే ఊళ్ళో మనుషుల హక్కుల కోర్టు ఉందని, సొంత దేశంలో న్యాయం జరగకపోతే కూలివాడైనా తన ప్రభుత్వం మీదే అక్కడ కేసు పెట్టొచ్చని రాశావు. ఆఫ్రికా వాళ్ళకి ఒకటుందని, అమెరికా ఖండాల వాళ్ళకి ఒకటుందని రాశావు. మీ దొడ్డమ్మ చేటలో బియ్యం ఏరుతూ, "మరి మనకో?" అంది. మన ఆసియా ఖండానికి అలాంటి కోర్టు లేదు అని నీ వాక్యం చదివాను. "ఎందుకు లేదంట?" అంది. ఎందుకు లేదో నువ్వు రాయలేదు. "ఇంతమంది జనం ఉన్నాం, ఒక్కటి కట్టుకోలేకపోయారా?" అని మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఇక ఐక్యరాజ్య సమితి. మన దేశం చాలా ఒప్పందాల మీద సంతకాలు పెట్టిందని, కానీ మనబోటి మనిషి నేరుగా ఆ కమిటీలకి ఫిర్యాదు పంపుకునే తలుపు తియ్యలేదని రాశావు. చిత్రహింసలు కూడదన్న ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి, ఇంకా ఖాయం చెయ్యలేదని రాశావు. ఆహా! పెళ్ళిచూపులు చూసి పాతికేళ్ళయింది, ముహూర్తం మాత్రం పెట్టరు. అప్పుడు మీ అమ్మ తలుపు వెనకనుంచి, "మనం వెళ్ళగలిగింది ఒకటీ లేదాండీ బావగారూ?" అంది. ఉందమ్మా, జెనీవాలో ఇలాంటి చావుల్ని కనిపెట్టి ఉండే ప్రత్యేక ప్రతినిధులు ఉంటారు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఒప్పుకుని రాసిస్తే వాళ్ళు మన ప్రభుత్వానికి ఉత్తరం రాసి ఇది నిజమేనా అని అడుగుతారు, రెండు నెలలయ్యాక ఆ ఉత్తరం లోకమంతా చదువుకునేలా పైకి పెడతారు అని చెప్పాను. "అడిగితే ఏమవుద్దండీ?" అంది. జవాబు చెప్పొచ్చు, చెప్పకపోనూవచ్చు అన్నాను. "అంటే, అడుగుతారన్నమాట" అంది మీ అమ్మ.

అయినా వీటన్నిటికన్నా ముందు మన గుమ్మంలోదే ఢిల్లీ కమిషన్ అని, అక్కడ మొదలుపెడదామని కదా నువ్వన్నావు. ఇక తప్పదు, ఆ సంగతే రాస్తున్నాను.

ఆ ఫిర్యాదు తయారుచేసింది నువ్వే. నీ పేరున పంపొద్దని మీ అమ్మ నీ చేత ఒట్టు వేయించుకుంది. ఉన్న ఒక్క పిల్ల పేరు ఆ స్టేషన్‌కి తెలియకూడదంది. పైగా, "తప్పు వేలిముద్ర వేసింది నేను, అది తప్పని చెప్పేది కూడా నేనే అవ్వాలి" అంది. అందుకని కాగితాలన్నీ మార్చిలో నాకు పంపావు. ఇంటికి పెద్దవాణ్ణి కదా, సంతకాలు పెట్టించి రిజిస్టర్ పోస్టులో పంపే పని నాది. పైన ఒక చీటీ పెట్టావు. అది ఇప్పుడు నా ముందే ఉంది. 'పెదనాన్నా, నాన్నకి ఏడాది తీరకముందే ఇది కమిషన్‌కి చేరాలండీ. ఏడాది దాటితే వాళ్ళిక ముట్టుకోరు.'

నాకు అర్థమవ్వాలని మనింటి మాటలో రాశావు తల్లీ. తప్పు నీది కాదు, ఆ మాట ముందే చెప్తున్నాను. చావు జరిగిన ఇంట్లో ఏడాది తీరడమంటే ఒక్కటే. నెలనెలా మాసికాలు పెట్టి, పోయిన తిథి మళ్ళీ వచ్చిననాడు సంవత్సరీకం చేస్తే ఏడాది తీరినట్టు. మీ నాన్న పోయింది శ్రావణ బహుళ ద్వాదశి. ఈ లంకల్లో ఎవరింట్లో ఏ కార్యమైనా రోజు చెప్పేది నేను. నలభై ఏళ్ళుగా ఒక్కడి చేత తప్పనిపించుకోలేదు. ఉగాదినాడు కొత్త పంచాంగం తెరవగానే మొదట చూసుకుంది మీ నాన్న తిథే. ఈ ఏడు శ్రావణాలు రెండు. అధిక శ్రావణం ఒకటి, నిజ శ్రావణం ఒకటి. సంవత్సరీకం నిజ శ్రావణంలోనే పెట్టాలి. అంటే సెప్టెంబరు పదకొండు.

మే నెలలో ఒకటి జరిగింది. నీకు చెప్పలేదు, మీ అమ్మకీ చెప్పలేదు. సొసైటీ ఆఫీసు ముందు కూర్చుని ఉంటే ఒకాయన బండి ఆపి, నా పక్కన కూర్చుని టీ తాగాడు. యూనిఫారం లేదు. "ఏం పెద్దాయనా, కులాసానా? మీ తమ్ముడిగారి అమ్మాయి ఢిల్లీలో ఉంటందంట కదా? ఒక్కతే ఉంటందా అండీ?" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! నా చేతిలో గ్లాసు ఒరిగి టీ పంచె మీద ఒలికింది. ఆయనే రుమాలు తీసి ఇచ్చాడు.

ఆ రోజునుంచీ ఆ కవరు పెట్టె అడుగున పంచెల కింద ఉంది. జూన్‌లో సంతకానికి, జూలైలో సాక్ష్యానికి తీసినా మళ్ళీ అక్కడే పెట్టాను, పోస్టుకి తీసుకెళ్ళడానికి చేతులు రాలేదు. రేపు, ఎల్లుండి, ఈ మాసికం వెళ్ళాక, అధికమాసం వెళ్ళాక అనుకున్నాను. శిరీషా, ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పుకోలేనిది. పంచాంగంలో ఆ పదమూడో నెల చూసినప్పుడు నాకు సంతోషం వేసింది. ఇంకో నెల భయపడకుండా ఉండొచ్చని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. తమ్ముడు పోయిన ఏడాది ఒక నెల సాగిందని సంతోషించిన అన్నని నేను. ఛీ, నా బతుకు!

ఆగస్టు 13న అధిక శ్రావణ ద్వాదశి మాసికం పెట్టాం. విస్తరి దగ్గర నీళ్ళు వదులుతున్నాను. తలుపు చాటునుంచి మీ అమ్మ, "ఇది పన్నెండోది కదండీ బావగారూ? ఆయన పోయి పన్నెండు నెలలైపోయినట్టే కదండీ? మరి ఆ కాగితం..." అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అధికమాసం లెక్కలోకి రాదు. ఆ లెక్కలన్నీ నీకెందుకమ్మా, నేను లేనా?" అని కసిరాను. "అలాగేనండి" అని లోపలికి వెళ్ళిపోయింది. చదువు రాని మనిషి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ లెక్కే సరైంది. ఆ రోజుకి ఇంకా పది రోజులు గడువుంది తల్లీ, పది రోజులు!

తర్వాత రెండు రోజులకి, జెండా పండగనాడు నువ్వు ఫోన్ చేశావు. "ఏడాది తీరకముందే పంపేస్తారుగా పెదనాన్నా?" అన్నావు. "నాకు చెప్తున్నావేంటే, పంచాంగం నా చేతిలో పెట్టుకుని! ఏడాది తీరకముందే చేరిపోద్ది" అన్నాను. నువ్వు నవ్వావు. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం, ఇద్దరి మనసులో రెండు తారీఖులున్నాయి.

సెప్టెంబరు నాలుగున కైకలూరు వెళ్ళి పోస్టు చేశాను. సంవత్సరీకానికి ఇంకా వారం రోజులుంది. రసీదు జేబులో పెట్టుకుని, పెద్దింట్లమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, భయపడినా మాట నిలబెట్టుకున్నానని ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను. పదకొండున కార్యం చేశాను. ఏడాది తీరింది అని పదిమందిలో చెప్పాను.

ఈ నెల పదిహేనున కమిషన్ నుంచి జవాబొచ్చింది. రెండు పేజీలు, ఇంగ్లీషు. దుర్గాభవాని గారి చేత చదివించుకోవచ్చు, కానీ మీ అమ్మకి ముందు తెలిసిపోతుందని కవరు చొక్కాలో దాచాను. ఏలూరులో ప్లీడర్లు లేరా, ఉన్నారు. ఎవరైనా చూస్తారని అక్కడ దిగి మళ్ళీ తాడేపల్లిగూడెం బస్సెక్కాను. మార్కెట్ యార్డు వెనక రాజరత్నం గారని ఒక ప్లీడరు గారున్నారు, ఎప్పుడో సొసైటీ పనిలో పరిచయం. వీధినిండా ధాన్యం లారీలు, లోపల మాట వినపడటం లేదు. ఆయన రెండుసార్లు చదివి, తలుపేసొచ్చి కూర్చున్నారు.

"గడువు దాటిపోయిందని కొట్టేశారండి" అన్నారు.

"గడువు దాటడమేంటండీ! ఏడాదికి వారం ముందే పంపానండి" అన్నాను.

"ఎప్పుడు పంపారండి?"

"సెప్టెంబరు నాలుగున."

"ఆయన పోయిందెప్పుడండి?"

"శ్రావణ బహుళ ద్వాదశి."

"తారీఖు చెప్పండి."

"ఆగస్టు ఇరవై మూడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మరి ఈ ఏడు ఆ ద్వాదశి ఎప్పుడొచ్చిందండి?" అన్నారు.

"సెప్టెంబరు పదకొండునండి. మధ్యలో అధిక మాసం వచ్చింది కదండీ..." అంటూనే నా నోరు ఆగిపోయింది. తల కొట్టేసినట్టయింది. ఆయన పెద్దమనిషి, నవ్వలేదు. గ్లాసుతో మంచినీళ్ళిచ్చారు.

"చట్టానికి అధికమాసం ఉండదండి సత్తియ్య గారూ" అన్నారు. రాష్ట్ర కమిషన్‌కి కూడా అదే ఏడాది గడువుట, అటు వెళ్ళి లాభం లేదుట. హైకోర్టుకి వెళ్ళొచ్చు, అక్కడ ఇలాంటి గడువు గీత లేదు గానీ ఎందుకాలస్యమైందో రాయాలిట. "ఏమని రాద్దామండి?" అన్నారు. స్ట్రాస్‌బర్గ్ కోర్టులో కూడా గడువులుంటాయని, దేశంలో ఆఖరి తీర్పు వచ్చాక నాలుగు నెలల్లోపే వెళ్ళాలని నువ్వు రాసింది గుర్తొచ్చింది. ఎక్కడికెళ్ళినా మొదట అడిగేది తారీఖే. నాలాంటి వాడు ఇంటికొకడుంటే ఎన్ని కోర్టులుండి ఏం లాభం!

ఇంటికొచ్చి పది రోజులు మీ అమ్మకి చెప్పలేదు. పనినుంచి రాగానే, చేతులు వేణ్ణీళ్ళలో పెట్టకముందే, "ఢిల్లీ నుంచి కాగితం వచ్చిందాండీ బావగారూ?" అని అడుగుతుంది. రాలేదమ్మా అనేవాణ్ణి. అన్నం సహించలేదు. మీ దొడ్డమ్మ జ్వరమేమోనని ఒంటి మీద చెయ్యేసి చూసేది. మొన్న పక్క లంకనుంచి ఒకాయన కూతురి పెళ్ళికి రోజు చూడమని వచ్చాడు. గోడమీద క్యాలెండరుంది, చూసుకోండి అన్నాను. ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ క్షణాన అనుకున్నాను, ఇక చెప్పెయ్యాలని.

నిన్న మధ్యాహ్నం చెప్పాను. తలుపుకి ఇవతల నిలబడి, మొదట్నుంచీ అంతా. టీ తాగిన ఆయన సంగతి, పెట్టె సంగతి, పదమూడో నెలకి సంతోషించిన సంగతి కూడా. తర్వాత మీ అమ్మ తలుపు దాటి బయటికొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా ఎదురుగా నిలబడింది. నేను తల దించుకున్నాను.

"ఆ రోజు పన్నెండోదని చెప్పానండి" అంది. అంతే. తిట్టినా, నాలుగు శాపనార్థాలు పెట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చాను. "ఇందులో ఆయన పేరెక్కడుందండీ?" అంది. చూపించాను. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి కదలకుండా ఉంచింది. ఐసుకి వేలి కొస తెల్లగా పాలిపోయి ఉంది.

"చనిపోయిన తారీఖుందాండీ?"

"ఇరవై మూడు, ఎనిమిది, రెండువేల ఇరవై రెండు అని ఉందమ్మా."

"స్టేషన్ కాగితంలో ఇరవై నాలుగని కదండీ ఉంది?"

"అవునమ్మా. ఇక్కడ మనం చెప్పిందే వేశారు."

"కొట్టడం వల్ల పోయారని ఉందాండీ?"

"ఉంది. అలాగని ఫిర్యాదు ఇచ్చినామె ఆరోపణ అని ఉంది."

"ఆరోపణంటే ఏంటండీ?"

"అంటే... అలాగని నువ్వన్నావని."

"నేనన్నానని గవర్నమెంటు కాగితంలో రాశారు కదండీ" అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "అనుమానం లేదని నా చేత వేయించిన కాగితం ఒకటుంది. ఇకనుంచి ఇదీ ఉంటది" అని మీ నాన్న ఫోటో వెనక దోపింది. కొట్టేసిన కాగితమమ్మా అది, చెల్లదు అని చెప్పబోయాను.

ఆ నాలుగు పేజీలతోపాటు నువ్వు పంపిన జెనీవా కాగితం సాయంత్రం తనే అడిగి తెప్పించుకుంది. మన సమ్మతి రాసే ఆ ఫారం ఇందులో పెడుతున్నాను. ఇది వాళ్ళకి చేరుతుందా, చేరితే అడుగుతారా, అడిగితే ఇక్కడెవరైనా జవాబు చెప్తారా, నాకేమీ ఆశ లేదు. ఉందని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. నువ్వక్కడ ఒంటరిగా ఉన్నావని వాళ్ళకి తెలుసన్న భయం నాకు పోలేదు. జాగ్రత్తగా ఉండు. రాజరత్నం గారు హైకోర్టు కాగితం మొదలుపెట్టమంటే పెడతానన్నారు. ఆలస్యానికి కారణం అన్నచోట నా పేరు రాసి, నేనే భయపడి దాచానని ప్రమాణపత్రం ఇస్తాను. అధికమాసం మీదికి నెట్టను. నీ జవాబు చూశాక గూడెం వెళ్తాను. నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

ఫారంలో సంఘటన జరిగిన తారీఖు అని ఒక గడి ఉంది చూశావు కదా. ఎప్పటి అలవాటు కొద్దీ పెన్ను తీసుకోబోయాను. మీ అమ్మ ఇవ్వలేదు. "తారీఖు నేను వేసుకుంటానండి" అంది. షెడ్డులో ట్రేల మీద అంకెలు వేసి వేసి అలవాటైంది కాబోలు, అంకెలు కుదురుగానే ఉన్నాయి. కింద సంతకమూ ఆవిడదే.

ఇట్లు,
నీ పెదనాన్న,
సత్తియ్య.